పిడి రెడీ, కత్తే లేదు

నాకు వచ్చిందల్లా పిడి బిగించడమే. చింతకర్ర అరగదీసి, ఇత్తడి రివెట్లు కొట్టి, అవిసె నూనె పట్టించడం. బ్లేడు మాత్రం తయారుగా ఉన్నది కొనాలి. ఎనిమిదంగుళాల వంటింటి కత్తి బ్లాంక్ (పిడి లేని బ్లేడు) కోసం నెల రోజులుగా వెతుకుతున్నా. ఆన్‌లైన్‌లో సగం ‘డమాస్కస్’ పేరుతో గీతలు చూపించేవే. ఏం స్టీలు, గట్టిదనం ఎంత అని అడిగితే జవాబుండదు. ఒకటి తెప్పిస్తే టమాటా తొక్క దగ్గరే చతికిలపడింది. (పిడి మాత్రం భలే కుదిరింది లెండి.)

తమాషా ఏంటంటే, ఒకప్పుడు మన నిజామాబాద్ వైపు కోనసముద్రానికి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అసలు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఆ రకం ఉక్కే!

చివరికి మా ఊరి కమ్మరి దగ్గరికెళ్తే, పాత లారీ కమాను పట్టీ చూపించి, “ఇది సాగగొట్టి, కాల్చి నూనెలో ముంచిస్తా సార్, ఏళ్ల తరబడి కోసుకోండి” అన్నాడు. తుప్పు పడుతుంది, వాడగానే తుడిచి పెట్టుకోవాలి. నాకది పెద్ద ఇబ్బంది కాదు. ఒకటి చేయమని చెప్పి వచ్చా.

అయినా స్టీలు గ్రేడు, గట్టిదనం (హెచ్‌ఆర్‌సీ) కాగితం మీద రాసిచ్చే అమ్మకందారు ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఒకట్రెండు ముక్కలైనా ఇచ్చేవాళ్లు కావాలి, వందల్లో కాదు.