వెనుకపీఠము నుండి శ్రీశైలయాత్ర

మోటారుబండ్లను గూర్చి వ్రాయువారు సాధారణముగా చోదకుని పీఠమున గూర్చుండియే వ్రాయుదురు. బండి యెంత వడిగా బోవును, నిలిచిన చోటినుండి నూరు కిలోమీటర్ల వేగము నెన్ని క్షణములలో నందుకొనును అనునవియే వారికి ముఖ్యములు. మేము వెనుక గూర్చుండి పోయినవారము. ఎడమప్రక్క మా అత్తగారు, నడుమ ఫలహారపు బుట్ట, కుడిప్రక్క మేము. కావున సోదరీమణులు దీనిని వెనుకపీఠపు మాటగానే గ్రహింతురుగాక.

మా అత్తగారికి డెబ్బది నాలుగేండ్లు. 2021లో పెరటిలో జారిపడగా వెన్నుపూస యొకటి నలిగినది. నాటినుండి వారికి బస్సు నిషిద్ధము. "నడుము కుదురుగా నున్ననాడు తీఱిక లేదు, తీఱిక కలిగిననాడు నడుము లేదు. ఇంక శ్రీశైలము నాకు పటములోనే" అని యనుచుండెడివారు. 2023 కార్తికమాసమున వైద్యుడు, కుదుపులేని బండి యైనచో, గంటకొకమాఱు దిగి నాలుగడుగులు నడచినచో, పోవచ్చునని సెలవిచ్చెను. కుదుపులేని బండి బడిపంతులు గారి యింటి కెక్కడిది?

మావారి పూర్వశిష్యుడొకడు హైదరాబాదులో వ్యాపారము చేయుచున్నాడు. అతడీ సంగతి విని, తన మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్ బండిని చోదకునితో గూడ పంపెదనని మాట యిచ్చెను. వెంటనే వేఱొక మాటయు జెప్పెను. "అమ్మగారూ, మా నాన్నగారికి పక్షవాతము వచ్చి ఎడమకాలు స్వాధీనము తప్పినది. వారిని నెలకొకసారి మా ఊరికి తీసికొనిపోవలెననియే దీనిని కొంటిని. ఇంతవరకు వారిని ఎక్కించుటకు ధైర్యము చాలలేదు. మీరు వచ్చిన తరువాత దాపఱికము లేకుండ చెప్పవలెను."

ఈ బాధ్యతయే మమ్ము బెదరించినది. ఒకరి సొమ్ము ననుభవించి వచ్చి, దానిలో లోపము లెంచుట సుఖమైన పని కాదు.

బండిని గూర్చి కొంత చెప్పవలెను. ఆ జర్మను సంస్థవారు 1994లో మన దేశమునకు వచ్చి, 1995 నుండి పుణెలో బండ్లు కూర్చుచున్నారు. ఇప్పటి కర్మాగారము పుణె చేరువనున్న చాకణ్‌లో గలదు. మన దేశమున నిట్టి బండ్లు కొనువారిలో పెక్కుమంది తాము తోలక వెనుక గూర్చుండువారే. అందుచేత 2017లో ముందుచక్రమునకు వెనుకచక్రమునకు నడిమి దూరమును 140 మిల్లీమీటర్లు పెంచి, 3079 మిల్లీమీటర్లుగా జేసి, పొడుగుబండిని మనకు దెచ్చిరి. కుడిప్రక్క చుక్కాని యుండు దేశములలో నీ పొడుగుబండి మొదట మనకే వచ్చినది. 140 మిల్లీమీటర్లనగా రెండు బెత్తెలకు కొంచెము తక్కువ. ఆ పెరిగిన దంతయు వెనుకవారి కాళ్లకే. మా అత్తగారు కాళ్లు చాపి, వీపుపలకను వెనుకకు వాల్చుకొని, "ఇది బండియా, పడకకుర్చీయా?" అనిరి. ఆ పలక 37 డిగ్రీలవఱకు వాలును. నలిగిన వెన్నునకు నిటారుగా గూర్చుండుటకంటె నిట్లు వాలియుండుట యెంత మేలో వారి ముఖమే చెప్పినది.

మార్గశిరమున నొక తెల్లవాఱుజామున బయలుదేఱితిమి. హైదరాబాదునుండి శ్రీశైలమునకు రెండువందల కిలోమీటర్లకు పైచిలుకు. కడ్తాలు, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి డిండి చేరువఱకు మైదానపు బాట. ఇచ్చట బండి గొప్పతనము తెలిసినది. వేరుసెనగ బస్తాల లారీ యొకటి ముందు బోవుచుండగా చోదకుడు దానిని దాటెను. మాకు వీపుమీద నెవ్వరో మెల్లగా చేయివైచి ముందునకు త్రోసినట్లుండెనేగాని యుదుటు లేదు. యంత్రము 194 గుఱ్ఱపు శక్తులదట. అంతకంటె ముఖ్యమైనది త్రిప్పుబలము. అది 400 న్యూటను-మీటర్లు, అదియు నిమిషమునకు 1600 చుట్లు తిరుగునప్పుడే పూర్తిగా చేతికి వచ్చును. అనగా యంత్రము అఱవకయే లాగగలదు. గేర్లు తొమ్మిది. అవి యెప్పుడు మాఱినవో వెనుకనున్న మాకు తెలియనేలేదు. మా అత్తగారి కొలబద్ద వేఱు. కదలుచున్న బండిలో స్టీలు గ్లాసుతో మజ్జిగ త్రాగిరి, చీరమీద చుక్క పడలేదు.

డిండి జలాశయము చూపుటకై బండి నాపితిమి. అప్పుడే మా గర్వమంతయు నణగినది.

సెడానను జాతి బండ్లన్నియు నేలకు దగ్గరగా గట్టబడినవి. దీనికి కట్టినవారిని నిందింప బనిలేదు. నేలకు దగ్గరగా నున్నందుననే మలుపులలో తొణకక పోవును. కాని ముదుసలికి ఆ పీఠము గోతివంటిది. మా అత్తగారు మొదట ఒక కాలు క్రిందబెట్టి, తల వంచి, ద్వారపు కమ్మిని బట్టుకొని లేవబోయిరి. నడుము మెలిపడి "అమ్మా!" యని కేకవైచిరి. డెబ్బది మైళ్లు నొప్పి యెఱుగక వచ్చిన వెన్ను, రెండడుగుల గడపవద్ద నొచ్చినది. వారి కన్నుల నీరు చూచి, వెనుకకు మరలుదమా యని మేము మావారిని అడిగితిమి కూడ.

అంతలో చోదకుడు వచ్చి, "తొందరపడకుడు పెద్దమ్మగారూ, నేను చెప్పినట్లు చేయుడు" అనెను. పీఠమును ముందుగా నిటారు చేసెను. మడిచిన కంబళి నొకటి వారి క్రింద జొనిపి ఎత్తు పెంచెను. పిమ్మట రెండు మోకాళ్లను జతగా నుంచి, నడుము మెలిపెట్టకుండ, శరీరమంతయు నొక్కటిగా ద్వారమువైపు త్రిప్పించి, రెండు పాదములును నేలమీద నానిన తరువాతనే, తాను ముందు నిలిచి ముంజేతులు పట్టుకొని లేపెను. ఎక్కునప్పుడు దీనికి తలక్రిందు. ముందు పిఱుదులాన్చి కూర్చుండుట, తరువాత కాళ్లు జతగా లోనికి. తన తల్లికి తుంటియెముక విఱిగినప్పుడు ఆసుపత్రిలో నేర్చుకొంటినని చెప్పెను. "ఇంకను పోవుదము నాయనా" అనిరి మా అత్తగారు.

ఒక పల్లెముందు వేగనిరోధకము తగిలినది. భారత రోడ్ల కాంగ్రెసువారి ప్రమాణము ననుసరించి దాని యెత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండవలెను. ఇచ్చట నెవ్వరో మట్టెద్దు మూపురమువలె నొకటి పోసియుంచిరి. చక్రముల నడిమి దూరము పెరిగినకొలది నడిమి కడుపు ఇట్టివాటికి తగులుట సహజము. చోదకుడు ఐమూలగా నెక్కించినను అడుగున గఱ్ఱుమన్నది. ఆ ధ్వని మా కడుపులోనే పుట్టినట్లుండెను. మరమ్మతుకైన సొమ్ము మా నెలజీతముతో తీఱదు గదా! చోదకుడు వంగి చూచి, గీతయేగాని గాయము కాదని చెప్పువఱకు మాకు ఊపిరాడలేదు.

మన్ననూరు వద్ద అమ్రాబాదు పులుల అభయారణ్యపు తనిఖీద్వారము. రాత్రి తొమ్మిదినుండి ఉదయ మాఱువఱకు దీనిని మూయుదురు గనుక బయలుదేఱువారు వేళ చూచుకొనవలెను. లోపల నల్లమల. అద్దములు మూసియుండగా ఈ బండిలో అడవి మూగబొమ్మవలె నుండెను. మా అత్తగారు ఓర్వలేక, "ఈ గాజుపెట్టెలో కూర్చుండి అడవి చూచుట దేనికి?" అని అద్దము దింపించిరి. ఎండుటాకుల వాసనయు, కీచురాళ్ల రొదయు నొక్కమాఱుగా లోనికి వచ్చినవి.

ఘాటుదారిలో మాత్రము మెత్తదనమే మాకు శత్రువైనది. ఊయెలవలె నూగు బండిలో, కన్నులకు కదలని తోలుపీఠము కనబడుచుండగా చెవిలోని సమత్వేంద్రియము మలుపులను చెప్పుచుండును. ఆ రెంటి తగవే వాంతి. వెన్ను నలిగినవారు సుఖముగా నుండగా, ఏ జబ్బును లేని మేము నిమ్మకాయ వాసన చూచుచు, పీఠము నిటారు చేసి, ముందుబాటనే చూచుచు గూర్చుంటిమి. ఆనకట్ట కనబడు మలుపున దిగి గాలి పీల్చిన పిదప ప్రాణము కుదుటబడినది. 145 మీటర్ల యెత్తున, 512 మీటర్ల పొడవున, పండ్రెండు ద్వారములతో నా కట్ట కొండలనడుమ నిలిచియున్నది. మా అత్తగారు ఈమాఱు కేక వేయకుండ దిగి, కఱ్ఱ నానుకొని, క్రింద కృష్ణను చాలసేపు చూచిరి. దర్శనము మధ్యాహ్నమునకు ముందే యైనది.

తిరిగివచ్చిన నాలుగవనాడు ఆ శిష్యుడు వచ్చెను. మావారు మావైపు చూచిరి. మేము దాచలేదు. బాటమీద నింతకంటె సుఖమైన బండి నెఱుగమనియు, గడపవద్ద మాత్రము మీ నాన్నగారికి కష్టమగుననియు, గట్టిదిండు, ముందు నిలిచి లేపు మనిషి, ఊరి దారిలోని మట్టిదిబ్బల లెక్క, ఈ మూడును లేక బయలుదేఱవలదనియు జెప్పితిమి. అతని ముఖము కొంచెము చిన్నబోయినది. కాఫీ త్రాగి, మాఱుమాటాడక వెడలెను.

తరువాతి ఆదివారమున చోదకుడు వచ్చి చెప్పగా తెలిసినది. బండిని వాకిటనే నిలిపి, తండ్రిని ముమ్మాఱు ఎక్కించి దింపి చూచిరట. నాలుగవమాఱు ఎక్కిన పెద్దాయన దిగుటకు ఒప్పుకొనక, "ఇంక ఊరికి పోనిమ్ము" అనెనట.