జంతుశాలయందు చూడవలసినది

భాగ్యనగరమునకు పోయినవారిలో చార్మినారును, సాలార్జంగు వస్తుశాలను చూడక మరలువారు అరుదు. పిల్లలు వెంటనున్నచో మీరాలం చెరువు చెంతనున్న నెహ్రూ జంతుశాలకును పోక తప్పదు. 1963వ సంవత్సరము అక్టోబరు నెలలో ప్రజలకు తెఱవబడిన ఈ ఉద్యానము దాదాపు 380 ఎకరముల విస్తీర్ణము గలది. పెద్దమృగములు పెక్కింటికిని మనకును నడుమ ఇనుపకటకటములకు మాఱుగా అగడ్తలు హద్దులై యున్నవి. నా భర్తగారు తమ పాఠశాలా విద్యార్థులను అచ్చటికి తోడ్కొని పోవుచుండగా నేనును వారితో బయలుదేరితిని.

బాలురకు పెద్దపులియే ముఖ్యము. అది నిద్రించుచున్న నిరుత్సాహము, తిరుగుచున్న ఆనందము. కాని సోదరీమణులారా, తిరుగుటలో రెండు విధములు గలవు. నేలను వాసన చూచుచు, చెట్టును గోళ్లతో గీరుచు, నీట దిగుచు తిరుగు మృగము తన సహజవృత్తిని నెరపుచున్నది. ఒకే బాటను, ఒకే మలుపున తల త్రిప్పుచు, గానుగయెద్దువలె గంటలకొలది తిరుగునది వేఱు. నా చిన్నతనమున మఱియొక యూర ఇఱుకుబోనులో ఒక ఎలుగుబంటి అట్లే ఊగుచుండగా, జనులు అది నాట్యమాడుచున్నదని చప్పట్లు కొట్టిరి. అది నాట్యము కాదు. వెదకుకొనుటకును, దాగుటకును చోటులేని జీవికి పట్టుకొన్న అలవాటు. కొన్నింటికి కష్టము తొలగిన పిమ్మటను ఆ అలవాటు మిగిలియుండును. కావున ఒక్క చూపుతో తీర్పు చెప్పరాదు.

మూగజీవి తన బాధను చెప్పలేదు గనుక దాని దినచర్యను వ్రాసి తెలిసికొనవలెను. ఆఫ్రికా బబూనులను పరిశీలించిన అమెరికా విదుషీమణి జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఇందులకు తగిన పద్ధతులను ఒక వ్యాసమున విశదపఱచెను. పరిశీలకులు నేటికిని వానిని అనుసరించుచున్నారు. నిద్ర, నడక, తిండి, ఒకే బాటను తిరుగుట అని ముందుగా చేష్టలను నిర్ణయించుకొందురు. పిమ్మట గడియారము చూచుకొని, నియమిత నిమిషముల కొకమాఱు, ఆ క్షణమున మృగము చేయుచున్నదానిని గుర్తింతురు. వింతచేష్టలనే వ్రాసినచో లెక్క తప్పును. ఊరక పరుండుటయు వ్రాయవలసినదే. ఇట్లు వారముల తరబడి వ్రాయగా, ఆ తిరుగుడు మేతవేళకు ముందు హెచ్చుచున్నదో, జనము క్రిక్కిఱిసిన దినమున హెచ్చుచున్నదో తేటపడును. జ్వరపడిన బిడ్డకు పూటపూటకు వేడిమి చూచి వ్రాసికొను తల్లికి ఇది క్రొత్తవిద్య కాదు.

కంటికి కనబడని కలతకు మఱియొక పరీక్ష గలదు. జీవి కలత చెందినపుడు హెచ్చు హార్మోనుల జాడలు దాని మలమునందు దొరకును. సూదిపోటు అక్కఱలేదు. అంతరించుచున్న జీవజాతుల రక్షణకై హైదరాబాదులోనే నెలకొన్న ప్రయోగశాలయందు ఇట్టి పరీక్షలు చేయుదురు. మనదేశపు జంతుశాలలలోని పెద్దపులులను, చిఱుతలను ఈ రెండు రీతులను పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక పరిశోధనమున, విశాలమైన ఆవరణమును, నీటిగుంటయు, చెట్లును, రాళ్లును ఉన్నచోట అట్టి తిరుగుడు తక్కువయని తేలినది. సాకువాని ఆదరమును మేలుచేయునని కనబడినది.

ఉపాయములు కష్టమైనవి కావు. మాంసమును ఒకచోట పడవేయక దాచిపెట్టుట. ఎలుగుబంటికి మ్రాను తొఱ్ఱలలో తేనె పూయుట. కోతులకు పండ్లు పైనుండి వ్రేలాడగట్టుట. చాటునకు పొదలు పెంచుట. మార్పు చేసిన పిమ్మట మరల పుస్తకము తెఱచి వ్రాయవలెను. తిరుగుడు తగ్గిన సంతోషము. తగ్గనిచో వేఱొక యత్నము. దయ యొక్కటియే చాలదు. ఆ దయ ఫలించినదో లేదో కనిపెట్టు ఓర్పును కావలయును.

ఆ లెక్కలో చూడవచ్చిన మనమును చేరియున్నాము. మన అఱుపులు, ఈలలు, విసరిన తినుబండములు వాని దినచర్యను మార్చును. సోమవారము జంతుశాలకు సెలవు. తక్కిన ఆఱు దినములును వాని నెమ్మది కొంత మన చేతిలోనే యున్నది. మీరు బిడ్డలతో పోయినపుడు, అన్నింటిని పరుగున చూపుటకు బదులు ఒక్క మృగముచెంత పావుగంట నిలిచి, నిమిషమున కొకమాఱు అది చేయుపనిని వారిచే వ్రాయింపుడు. పదునైదు గుర్తులును నిద్రయే యైనను చింతింపవలదు. నిద్రయు ఆ జీవి దినచర్యలో ఒక భాగమేయని వారికి మెల్లగా చెప్పుడు.