వరిగడ్డి దిండు మీద లేసు

సార్వా నాట్లు అయిపోయాయి, కాస్త తీరిక దొరికింది. ఈసారి ఆకుముడత గురించి కాదు, మిల్లు తూకాల గురించీ కాదు. లేసు గురించి రాస్తున్నాను. నవ్వకండి, పూర్తిగా చదివాక నవ్వండి.

మన నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు వైపు వాళ్ళకి లేసు కొత్త కాదు. మధ్యాహ్నం ఏ వీధిలోకి వెళ్ళినా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు, ఒళ్ళో దారం ఉండ, చేతిలో చివర కొక్కెం ఉన్న చిన్న సూది. మిగతా జిల్లాల మిత్రుల కోసం చెప్తున్నాను: 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఈ పని ఇక్కడ మొదలుపెట్టారని మా పెద్దవాళ్ళు చెబుతారు. దారం ఏజెంటు ఇస్తాడు, పువ్వులూ పట్టీలూ అల్లి ఇస్తే తూకం, లెక్క చూసి డబ్బులిస్తాడు. సరుకు విదేశాలకి వెళ్తుంది. 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా ఆవిడ పదేళ్ళప్పటినుంచీ అల్లుతోంది. ఇప్పుడు యాభై దాటింది.

మా అమ్మాయి ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఉద్యోగం. పోయినేడు దాళ్వా కోతలు అయ్యాక మమ్మల్నిద్దర్నీ పిలిపించుకుంది. నాకు అక్కడ గోధుమ చేలు చూడటమే పని. మా ఆవిడకి ఏం తోచేది కాదు. ఒకరోజు అమ్మాయి, "అమ్మా, నీకు నచ్చే చోటుకి తీసుకెళ్తా పద" అని పక్కనే ఉన్న ఓల్నీ అనే ఊరికి తీసుకెళ్ళింది. ఊరి పక్కనే నది, మధ్యలో బజారు, అక్కడే ఓ పాతకాలపు ఇల్లు మ్యూజియం చేశారు. విలియం కౌపర్ అనే కవి ఉన్న ఇల్లట. నాకు కవి సంగతి తెలియదు గానీ లోపల లేసు సామాను పెట్టారు. మేం వెళ్ళిన రోజు ఒక పెద్దావిడ కూచుని లేసు చేసి చూపిస్తోంది.

ఆవిడ చేతిలో సూది లేదండి! ముందర గుండ్రటి దిండు, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట, అట్ట నిండా గుండుసూదులు. దిండు చుట్టూ పెన్సిలు కన్నా సన్నం కొయ్య పుల్లలు వేలాడుతున్నాయి. ఒక్కో పుల్లకి దారం చుట్టి, చివర బరువు కోసం గాజుపూసలు గుచ్చారు. కొన్ని ఎముకతో చేసిన పాతవి, వాటిమీద పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిని బాబిన్లంటారు. పుల్లలు రెండేసి జతలు. ఆవిడ వేళ్ళు కదుపుతుంటే టకటకమని చప్పుడు. మా ఆవిడ ముందు దిండు నొక్కి చూసింది. రాయిలా ఉంది. "లోపలేముందో అడగవే" అంది అమ్మాయిని. గడ్డి అట! ఎండుగడ్డి దట్టించి కొట్టి కొట్టి గట్టిచేస్తారట. పదివేల రూపాయల విమానం టిక్కెట్టు కాదు కదండీ అది, అంత దూరం వెళ్ళి గడ్డిమోపు దగ్గర తేలాం అని నాకు నవ్వొచ్చింది.

ఇక పని సంగతి. ఎన్ని పుల్లలున్నా ఒకసారికి నాలుగే చేతిలోకి తీసుకుంటారు, అంటే రెండు జతలు. చేసేవి రెండే కదలికలు. మధ్యలో ఉన్న రెండు దారాల్లో ఎడమదాన్ని కుడిదాని మీదుగా వేస్తే 'క్రాస్'. ఒక్కో జతలో కుడిదాన్ని ఎడమదాని మీదుగా వేస్తే 'ట్విస్ట్', అంటే మెలిక. అంతే. మొత్తం ఆ లేసంతా ఈ రెండిటి తోనే. క్రాస్, మెలిక, క్రాస్ చేస్తే తడిక అల్లినట్టు గట్టిగా బట్టలా వస్తుంది, దాన్ని క్లాత్ స్టిచ్ అంటారు. చివరి క్రాస్ మానేసి క్రాస్, మెలికతో ఆపితే హాఫ్ స్టిచ్: దారాలు ఏటవాలుగా పోయి పల్చగా కనిపిస్తుంది. మనకి జడ వెయ్యడం వచ్చు, నులక మంచం అల్లడం వచ్చు. చూస్తుంటే అర్థమవుతుంది, చెయ్యబోతే మాత్రం పుల్లలన్నీ కలిసిపోతాయి. నేను ప్రయత్నించి చెప్తున్నా.

నన్ను పట్టేసింది అసలు పువ్వులు కాదు, పువ్వుల వెనక ఉండే వల. దాన్ని వాళ్ళు 'గ్రౌండ్' అంటారు, అంటే నేలే. లేసు కొనేవాళ్ళు పువ్వు చూస్తారు, పని మాత్రం ఎక్కువ నేలకే. ఆ పెద్దావిడ దగ్గర నమూనా పట్టీ ఒకటుంది, మన విత్తనాల కంపెనీవాళ్ళు ఒకే మడిలో నాలుగు రకాలు వేసి చూపిస్తారే, అలా ఒకే పట్టీలో అన్ని నేలలూ వరసగా.

మొదటిది టార్షన్ నేల. హాఫ్ స్టిచ్, ఒక సూది గుచ్చు, దాన్ని మూస్తూ ఇంకో హాఫ్ స్టిచ్. ఐమూలగా చదరాలు చదరాలుగా వస్తుంది. అన్నిటికన్నా సులువు అదేనట, మొదట నేర్పేది అదే. నాకు అదే నచ్చింది. తాడు పట్టి వేసిన నాటులా ఎటు చూసినా వరస తప్పదు. "మీకు అన్నీ వరికుదుళ్ళే కనిపిస్తాయి" అంది మా ఆవిడ.

రెండోది ఆ జిల్లాదే, బకింగ్‌హామ్‌షైర్ వైపుది, పాయింట్ గ్రౌండ్ అంటారు. ఒక క్రాస్, మూడు మెలికలు, ఒక సూది, అంతే, సూదిని మూసే కుట్టు ఉండదు. దారం మన జుట్టంత సన్నం. ఆరు పలకల కన్నాలు, దోమతెర కన్నా చిన్నవి. పువ్వు అంచు చుట్టూ మాత్రం లావు దారం ఒకటి పోతుంది. ఇందులో ఒక్క మెలిక తక్కువైనా ఆ చోట కన్నం వంకరపోయి, అద్దం పెట్టి చూస్తే గానీ కనపడదు, ఉతికాక మాత్రం అందరికీ కనపడుతుంది.

మూడోది తేనెపట్టు నేల. సూదికి ముందు రెండు మెలికలు, తర్వాత రెండు మెలికలు, ఒక వరస నిండుగా, ఒక వరస విడిగా. కన్నాలు పెద్దవిగా గుండ్రంగా వస్తాయి. మా ఆవిడ ఇక్కడ ఆగిపోయింది. వేలితో ఆ కన్నాల మీద రాస్తూనే ఉంది. ఆమెకి క్రోషాలో కూడా జాలీ పనే ఇష్టం. మూడు నాలుగు గొలుసులు వేసి, ఒక పొడుగు కుట్టు, మళ్ళీ గొలుసులు. పువ్వు ఎవరైనా వేస్తారు, జాలీ బిగువు ఒకే తీరుగా రావాలంటే చెయ్యి కుదరాలి అంటుంది. తర్వాత సాలీడు చూపించారు: రెండు వైపులనుంచీ మెలికపెట్టిన కాళ్ళు వచ్చి మధ్యలో కలిసి పొట్టలా అల్లుకుని మళ్ళీ విడిపోతాయి. ఇంకోటి ఆకు, టాలీ అంటారు. ఒక్క దారం మిగతా మూడిటి చుట్టూ తిరిగి చిన్న ఆకు కడుతుంది. ఆ ఒక్క పుల్లా చెయ్యిజారితే ఆకు ముడుచుకుపోతుంది. పెద్దావిడకి నలభై ఏళ్ళ అనుభవం, ఆకు కట్టేటప్పుడు మాత్రం మాట్లాడలేదు.

మా ఆవిడ సంచీలో అమ్మాయి ఇంటికోసం అల్లి తెచ్చిన చిన్న టేబుల్ గుడ్డ ఉంది. తీసి చూపించింది. ఆ పెద్దావిడ తీసుకుని ముందు తిరగేసి వెనకవైపు చూసింది. "చూశారా, వెనక చూసింది!" అని మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. పనొచ్చినవాళ్ళే వెనక చూస్తారట. ఒకే దారం, ఒకే సూదితో ఇదంతా వచ్చిందంటే ఆవిడకి ఆశ్చర్యం. ఎన్ని గంటలు పట్టింది అని అడిగింది. మా ఆవిడ, "ఎన్ని గంటలేంటి, ఖాళీగా ఉన్నప్పుడు అల్లిందే కదా" అంది. అమ్మాయి ఆ మాట చెప్పలేదు. కాసేపు ఊరుకుని, "అమ్మా, నువ్వు ఖాళీగా ఎప్పుడున్నావ్?" అంది.

పెద్దావిడ తన పుస్తకం తీసింది. వేలెడు పాయింట్ గ్రౌండ్ పట్టీకి పదకొండు గంటలు అని తేదీలతో రాసుకుంది. అమ్ముతారా అంటే అమ్మను, ఆ ధర ఎవరిస్తారు, సరదాకి చేస్తున్నాను అంది. ఒకప్పుడు సరదా కాదట. ఆ ఊళ్ళలో మగవాళ్ళు పొలం కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ ఇలా దిండ్ల ముందు. ఐదేళ్ళ పిల్లల్ని లేసు బడిలో కూచోబెట్టేవారు, సూదులు లెక్క తప్పకుండా పాటలు పాడించేవారు. చలికాలం సాయంత్రాలు ఒక్క కొవ్వొత్తి చుట్టూ నీళ్ళు పోసిన గాజుబుడ్లు పెట్టి, ఆ బుడ్డిలోంచి పడే చిన్న వెలుగు చుక్కలో ఒక్కొక్కరూ పని చేసుకునేవారు. ఆ బుడ్డి అక్కడ ఉంది. మా ఆవిడ దాని దగ్గర చాలాసేపు నిలబడింది. మా పెళ్ళైన కొత్తలో కరెంటు పోతే లాంతరు దగ్గరకి లాక్కుని అల్లేది. ఇప్పుడు దారం తెలుపైతే పర్లేదు, ముదురు రంగైతే రాత్రిపూట కుట్టు దొరకట్లేదంటుంది.

ఆ పని ఎలా పోయిందో కూడా అడిగాను. 1808, 1809లో జాన్ హీత్‌కోట్ అనే ఆయన మెషీనుకి పేటెంటు తీసుకున్నాడు. అది చేసింది పువ్వుల్ని కాదండీ, నేలని! ఆ ఆరు పలకల వలని గజాలకొద్దీ నేసి పడేసింది. 1816లో లఫ్‌బరోలో ఉన్న ఆయన ఫ్యాక్టరీని జనం పగలగొడితే, మెషీన్లు తీసుకుని టివర్టన్ అనే ఊరు వెళ్ళిపోయాడు. ఆపైన ఆ జిల్లా ఆడవాళ్ళు నేల మానేసి, జడల్లా అల్లిన పట్టీలతో పువ్వుల్ని కలిపే రకం మొదలుపెట్టారు, తొందరగా అవుతుందని. ధర తగ్గితే మనం సాగు పద్ధతి మార్చమూ, అలాగే. మెషీను లేసు వచ్చాక మన నరసాపురంలో రేటు ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చాక నాకు పురుగు తొలిచింది. నేను ఎకరానికి ఎంత ఖర్చో పైసలతో సహా రాస్తాను, ఈ పేజీలో ఎన్నిసార్లు పెట్టానో మీరే చూశారు. ట్రాక్టరు గంట, మందు కొట్టిన గంట, అన్నీ. ఇంట్లో ముప్పై ఏళ్ళుగా జరుగుతున్న పనికి గంటలే రాయలేదు. ఫోన్లో టైము పెట్టి ఆమె పక్కన కూచున్నా. "ఇదేం చోద్యమండీ" అని తిట్టింది. ఒక పువ్వుకి 38 నిమిషాలు. అతుకు పని వేరే, అంచుకి కాజాలు వేరే. వారం లెక్క వేస్తే గంటకి 16 రూపాయలు తేలింది. నాట్లకొచ్చే ఆడకూలీకి మనం ఇచ్చేదాంట్లో నాలుగో వంతు లేదు. ఇదే మాట మన నరసాపురం వచ్చి చూసి మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1982లో పుస్తకమే రాసిందని అమ్మాయి చెప్పింది: పొద్దస్తమానం అల్లుతున్నా వీళ్ళని ఇంట్లో ఊరికే ఉండే ఇల్లాళ్ళుగానే లెక్కేశారని. ఏజెంటొక్కడే అలా లెక్కేశాడా? నేనూ అంతేగా.

ఒకటి ఒప్పుకోవాలి. 2012లో నీలం తుపాను వానలకి నా పంట పనల మీదే మొలకెత్తింది. ఆ ఏడు అమ్మాయి ఇంటర్ రెండో విడత ఫీజు కట్టింది లేసు డబ్బులతో. నేను మాత్రం ఎవరడిగినా "నాలుగెకరాల మీద పిల్లని చదివించాను" అనే చెప్పాను. ఇక్కడ కూడా రాశాను ఒకసారి, కింద మీరంతా చేతులెత్తి దండాలు పెట్టారు. ఆ పోస్టు మా ఆవిడ చదివింది. ఏమీ అనలేదు.

పోయిన నెల ఏజెంటు వస్తే మొదటిసారి రేటు పెంచమని అడిగింది. నేను లోపల గదిలోనే ఉన్నాను, బయటికి రావద్దని ముందే చెప్పింది. ఆయన, "ఇష్టం లేకపోతే పక్కూళ్ళో చేసేవాళ్ళున్నారమ్మా" అన్నాడు. అది నిజమే. "అయితే వాళ్ళకే ఇవ్వండి" అని దారం ఉండలు తిరిగిచ్చేసింది. ఆయన వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి సగం ఉండలు ఇచ్చి వెళ్ళాడు, రేటు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఇంకా చూడలేదు. మా వీధిలో మిగతావాళ్ళు కూడా అడగాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు, మాకు దారం ఆపేస్తే ఏంటని ఇద్దరు భయపడుతున్నారు. వాళ్ళ భయం తప్పని నేననలేను.

ఈలోగా అమ్మాయి ఇరవై జతల బాబిన్లు పంపింది. దిండు నేను చేశా. మన స్వర్ణ గడ్డి సన్నగా నరికి, గోనెపట్టాలో కూరి, రోకలితో కొట్టి, మళ్ళీ కూరి. మొదటిది మెత్తగా ఉండి సూదులు వాలిపోయాయి. రెండోదానికి రెట్టింపు గడ్డి పట్టింది. తేనెపట్టు నేల నాలుగంగుళాలు అయ్యింది, మధ్యలో రెండుచోట్ల తప్పు. నాకు కనపడలేదు, ఆమె విప్పుతానంటోంది. ఈసారి మొదటి అంగుళంనుంచీ గంటలు పుస్తకంలో రాస్తున్నాం. నా సాగు లెక్కల పుస్తకమే, వెనకవైపు నుంచి.