మార్కుల గడి, కులం గడి

సర్కారు ఎలిమెంటరీ బడి గురించి ఎవర్ని కదిపినా రెండు మాటలే అంటారు. ఒకటి, అక్కడ చదువు రాదు. రెండు, అక్కడ ఎవరి పిల్లలుంటారో తెలుసుగా! రెండో మాటే మొదటి మాటకి కారణమని చెప్పకుండానే తేల్చేస్తారు. ఆ 'ఎవరి పిల్లల్లో' నేనూ ఒకణ్ణి. తర్వాత ఆ పిల్లలకే పంతులునయ్యాను. ఏలూరు తంగెళ్లమూడిలో చదివి, కొల్లేటి లంకల్లో పాఠాలు చెప్పి, తాడేపల్లిగూడెం పక్క పల్లెలో రిటైరయ్యాను. ముప్పయ్యేళ్ల పైచిలుకు హాజరుపట్టీలు రాసిన చేతితో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా బడిలో అన్ని ఇళ్ల పిల్లలూ ఉండేవారు. కరణంగారి అబ్బాయి, కోమట్ల అమ్మాయి, కాపుల పిల్లలు, మాలమాదిగల పిల్లలు, మేము. కూర్చునే చోట తేడాలున్నా పంతులు ఒక్కడే, నల్లబల్ల ఒక్కటే. తర్వాత వీధివీధికీ కాన్వెంట్లు వచ్చాయి. మొదట డబ్బున్నవాళ్లు వెళ్లారు, వెనకే అప్పు చేయగలిగినవాళ్లు వెళ్లారు. మాలోనూ అంతే. కొట్టున్న సాయిబు కొడుకు కాన్వెంటుకి పోయాడు, ఆ కొట్లో జీతానికున్న సాయిబు కొడుకు బడిలో మిగిలాడు. గోడలు అవే, పట్టీలో పేర్లే మారిపోయాయి. నేను "షేక్" అని పిలిస్తే ఆరుగురు లేచి నిలబడేవారు. మిగతా పేర్లు మాలపేట, మాదిగపేట, వడ్డెల పిల్లలవి. ఊరు తన పిల్లల్ని తీసుకుపోయి, మిగిలిన పిల్లల్ని చూపించి బడి చెడిపోయిందంది.

చదువు ఎందుకు రాదో చెప్పాలంటే మా తంగెళ్లమూడి మగ్గాల దగ్గర మొదలుపెట్టాలి. ఏలూరు తివాచీలకి పెద్ద పేరుంది. ఎప్పుడో పర్షియా నుంచి వచ్చినవాళ్లు ఈ పని తెచ్చారంటారు. మా ఇళ్లల్లో ఆ పేరు అన్నం పెట్టింది తక్కువ, వేళ్లు కోసింది ఎక్కువ. ఉన్ని ముడి వేయడానికి సన్నటి వేళ్లు కావాలి. సన్నటి వేళ్లు పిల్లలకుంటాయి. 1986లో బాలకార్మిక చట్టం వచ్చి తివాచీ నేతలో పిల్లల్ని పెట్టకూడదంది. కానీ సొంత కుటుంబం సాయంతో నడుపుకునే పనికి అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. మా మగ్గాలు ఉండేది ఇంట్లోనే కదా! చట్టం మా గుమ్మం దాకా వచ్చి, బయటే ఆగిపోయింది. 2016లో ఆ చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బడి వదిలాక ఇంటి పనికి సాయం చేయొచ్చనే సందు మాత్రం అప్పుడూ ఉంచారు.

మగ్గం ముందు కూర్చున్న పిల్లాడు ఎర్రముడి ఎన్ని, నీలంముడి ఎన్ని అని వరసంతా తప్పు పోకుండా లెక్కపెడతాడు. ఒక్క ముడి తేడా వస్తే పువ్వు వంకరపోతుంది, కూలీ తెగుతుంది. వాడే బడికొచ్చి పలక మీద తీసివేత లెక్క తప్పుతాడు. రాత్రి పది దాకా ముళ్లు వేసిన కళ్లు పొద్దున తొమ్మిదింటికి మూతలు పడతాయని ఏ ప్రశ్నాపత్రానికి తెలుసు?

ఇక భాష. మా ఇళ్లల్లో మాట్లాడేది లక్నో ఉర్దూ కాదు. సగం తెలుగు కలిసిన తురకమాట. "హౌ", "నక్కో" అంటూ పెరిగిన పిల్ల బడిలోకి రాగానే పుస్తకం తెలుగు ఎదురొస్తుంది. అది పక్కింటి తెలుగు కూడా కాదు. ఋషి, యజ్ఞం ఉన్న తెలుగు. పీర్ల పండక్కి ఊరు ఊరంతా కదిలొస్తుంది, హిందువులూ మొక్కులు చెల్లిస్తారు. నేను చదివిన వాచకాల్లో, నేను చెప్పిన వాచకాల్లో పీరు మాత్రం కనపడలేదు. సాయంత్రం మసీదులో మౌల్వీసాబ్ దగ్గర అరబ్బీ అక్షరాలు. అవి చదవడం వస్తుంది, అర్థం తెలీదు. ఉర్దూ మాట్లాడతాం, రాయడం రాదు. తెలుగు రాస్తాం, మీది తెలుగు కాదంటారు. 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికారభాష చేశారు. సంతోషమే. మా లంకల్లో, మా పల్లెల్లో ఆ లిపి చదవగల పిల్లలెందరు? ఆరేళ్ల బిడ్డ మూడు భాషల మధ్య నిలబడి నోరు మెదపకపోతే, తనిఖీకి వచ్చిన ఒక అధికారి "మొద్దు" అనేసి ముందుకు నడిచాడు. ఆ పిల్ల ఇంట్లో నానీకి రేషన్ కార్డు చదివి వినిపించే పిల్ల.

కొల్లేరులో బాధ ఇంకో రకం. లంకల్లో సాయిబుల ఇళ్లు తక్కువ. చెరువుల కాపలాకి, చేపల ప్యాకింగుకి ఏలూరు నుంచో కైకలూరు నుంచో వచ్చినవాళ్లే. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు పొంగితే బడి దారి నీళ్లలో ఉంటుంది. రొయ్యల షెడ్డుకి పని తగిలితే తల్లి వెంట ఆడపిల్ల తలలు తీయడానికి పోతుంది. 1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నారు. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెంచారు. సరస్సు బతకాలి, కాదనను. గట్టు తెగిన రోజు చెరువు యజమానికి పెట్టుబడి పోయింది. కాపలావాడికి కూడు పోయింది. వాడు పెట్టే బేడా సర్దుకుని ఏ చెరువు దొరికితే ఆ చెరువు గట్టుకి పోయాడు. వాడి పిల్లల పేర్లకి నేను ఎర్రసిరాతో గీత గీశాను. గీత కింద 'బడి మానినవారు' అని రాయాలి. వాళ్లు మానలేదు, బడే వాళ్లకి అందకుండా పోయింది. ఆ మాట రాయడానికి పట్టీలో గడి లేదు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు. అక్కడ హమాలీల పిల్లలు బస్తాల తూకం, తరుగు, కూలీ నోటితోనే లెక్క కట్టేస్తారు. కాగితం మీద ఎక్కాలు అడిగితే తడబడతారు. వాళ్లకి లెక్కలు వచ్చు. వాళ్ల లెక్కల్ని కాగితం మీదకి తేవడం నేర్పాల్సింది మనం. రెండు తరగతుల్ని, మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకున్న పంతులికి అంత వ్యవధి ఎక్కడిది?

ఇప్పుడు కులం గడి సంగతి. మా పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఆ గడిలో 'ముస్లిం' అని రాసి ఊరుకునేవారు. మాలో రకాలుంటాయని ఎవరికీ పట్టలేదు. 2004లో అయిదు శాతం రిజర్వేషన్ అన్నారు, హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, అదీ పోయింది. 2007లో పధ్నాలుగు తెగలతో బి.సి.-ఇ అని నాలుగు శాతం ఇచ్చారు. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. అప్పుడు తండ్రులు నా దగ్గరికి వచ్చారు. "సార్, ముస్లిం అని ఉంటే చాలదంట, షేక్ అని ఉండాలంట." పక్క బెంచీలో సయ్యద్, పఠాన్. ఆ తండ్రీ రిక్షా తొక్కేవాడే, వాళ్ల పేరు మాత్రం జాబితాలో లేదు. ఇంకో బెంచీలో దూదేకుల పిల్లాడు. వాళ్లకి ముందునుంచీ బి.సి.-బి. ఊళ్లో హిందువులు వాణ్ణి సాయిబంటారు, మనవాళ్లు నువ్వు సాయిబువి కాదంటారు. పిల్ల ఇవ్వడానికి రాని బంధుత్వం ఓట్లప్పుడూ అల్లర్లప్పుడూ గుర్తొస్తుంది. పరాయివాళ్లని ప్రశ్నించే మనం దీనికీ జవాబు చెప్పుకోవాలి.

2006 నాటి సచార్ కమిటీ నివేదిక మన గురించి రెండు సంగతులు చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం. రాష్ట్ర సగటు 60.5. పట్నాల్లో ఎక్కువగా ఉండటం దానికి ఒక కారణం. దేశం మొత్తం మీద ఇరవయ్యేళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్లు నాలుగు శాతం లోపే. మనవాళ్లకి చదువంటే ఇష్టం లేదనేవాళ్లు ఈ రెండు అంకెలూ కలిపి చూడాలి. ఇంకో అంకె కూడా. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకి వెళ్లేది నాలుగు శాతం మించదని ఆ నివేదికే తేల్చింది. మిగతావాళ్ల గతి ఈ మామూలు బళ్లే. మన పిల్లలు గుమ్మం దాకా వస్తున్నారు, మెట్లెక్కే దగ్గర జారిపోతున్నారు. ఆ మొదటి మెట్టు ఎలిమెంటరీ బడి.

అందుకే ఈ బడిని వదులుకోలేం. దీన్ని చెత్తబుట్ట అంటే మన పిల్లల్ని చెత్త అన్నట్టే. పిల్లలు తగ్గారని కలిపేస్తామంటే, నడిచి వెళ్లలేని దూరంలో మొదట ఆగిపోయేది మన ఆడపిల్లే. ఒకటి రెండు తరగతుల్లో తురకమాట తెలిసిన పంతులు ఒక్కరైనా ఉండాలి. ఇంటి మాటలోంచి పుస్తకం మాటలోకి పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించాలి. వాచకంలో పీరు రావాలి, మగ్గం రావాలి, కొల్లేటి దోనె రావాలి. మసీదు కమిటీలు మినార్లకి వసూలు చేసే చందాలో ఒక పిసరు సాయంత్రం చదువుకి ఒక దీపం, ఒక చాప కోసం తీయాలి. ఏటా మా బళ్లకి వచ్చి మార్కుల జాబితా అడిగే పెద్దల్ని కూడా ఒకటి కోరుతున్నాను. మార్కుల గడి పక్కనే ఇంకో గడి గీయండి. ఆ పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుందో అందులో రాయించండి. ఆ రెండూ కలిపి చదివాక, ఎవరు ఫెయిలయ్యారో అప్పుడు మాట్లాడదాం.