శాతం గుర్తు మింగిన గీత

ముందే ఒప్పుకుంటున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలో మావాడి మీద నేను వేసిన నింద శుద్ధ అబద్ధం. వాడు ఎప్పుడో క్షమించేశాడు గానీ, అసలు దొంగ ఎవరో నలుగురికీ తెలియాలి కదా!

మాది కాంతివిద్యుత్ ఫలితం. ఒక పాదరస దీపం, రంగు ఫిల్టర్లు, ముసలి ఫోటోసెల్. పౌనఃపున్యం ఒక అక్షం మీద, స్టాపింగ్ పొటెన్షియల్ రెండో అక్షం మీద వేస్తే బిందువులు ఒక సరళరేఖ వెంట కూర్చుంటాయి. ఆ రేఖ వాలును ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే ప్లాంక్ స్థిరాంకం. అంటే మా రిపోర్టుకి ప్రాణం ఆ గీతే.

రిపోర్టు లేటెక్‌లో, గ్రాఫులు గ్నూప్లాట్‌లో. రీడింగు మారినప్పుడల్లా బొమ్మ విడిగా గీసి అతికించడం విసుగెత్తి, గ్నూప్లాట్ ఆజ్ఞల్ని రిపోర్టు మధ్యలోనే రాసుకునేట్టు నేనొక మాక్రో తయారుచేశాను. లేటెక్ వాటిని ఒక ఫైల్లోకి ఎత్తి రాస్తుంది. గ్నూప్లాట్ ఆ ఫైలు చదివి బొమ్మ గీస్తుంది. బొమ్మలోని అక్షరాల్ని మళ్ళీ లేటెక్కే పేరుస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒకే వాక్యం మూడుసార్లు చదవబడుతుందన్న సంగతి మాత్రం తట్టలేదు.

మొదటి దెబ్బ చిన్నదే. పౌనఃపున్యానికి గ్రీకు అక్షరం న్యూ. లేటెక్‌లో బ్యాక్‌స్లాష్ పెట్టి ఎన్, యు అని రాస్తాం. గ్నూప్లాట్‌కేమో జంట కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్ ఎన్ అంటే కొత్త లైను! లైను విరిగింది, గణితాన్ని మూయాల్సిన డాలరు గుర్తు కిందికి జారింది, లేటెక్ లబోదిబోమంది. ఒంటి కొటేషన్లు పెడితే సర్దుకుంది. అరిచే తప్పుతో పేచీ లేదండీ, దొరికిపోతుంది.

రెండోది అరవలేదు.

వైవా రోజు ఎగ్జామినరుగారు పేజీ తిప్పి, "గీత ఏది బాబూ?" అన్నారు. చూస్తే బిందువులున్నాయి, గీత లేదు. ముందురోజు నేను చూసినప్పుడు ఉంది. రాత్రి ఫైలు ముట్టుకున్నది మావాడే. "వీడే తీసేసి ఉంటాడు సార్" అనేశాను, వాడి ఎదురుగానే. వాడు ఏమీ మాట్లాడలేదు. ఆయన స్కేలూ పెన్సిలూ నా చేతికిచ్చి "గియ్యి" అన్నారు. గీశాను.

సాయంత్రం హాస్టల్లో లేటెక్ రాసిన ఫైలు తెరిచి చూశాను. వాడు చేసిందల్లా బిందువుల పేరు పక్కన "ఎర్రర్ 5%" అని చేర్చడం. అదే లైన్లో, కామా తర్వాత, సరళరేఖ ఆజ్ఞ ఉంది. లేటెక్‌కి శాతం గుర్తు అంటే వ్యాఖ్య: అక్కణ్ణుంచి లైను చివరిదాకా చదవక్కర్లేదని అర్థం. ఐదు తర్వాత అంతా మింగేసింది. కొటేషన్ మూయకపోయినా గ్నూప్లాట్ మంచి మనసుతో తనే మూసేసుకుని, మిగిలిన బిందువుల్ని గీసిపెట్టింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, నేను తప్ప.

లేటెక్‌కి పునాది 1978లో డొనాల్డ్ నూత్ విడుదల చేసిన టెక్. అది చదివే ప్రతి అక్షరానికీ పదహారు వర్గాల్లో ఒకటి తగిలిస్తుంది. తగిలించడం చదివే క్షణంలోనే జరుగుతుంది. నా మాక్రో తన వాక్యాన్ని అందుకునేసరికే వర్గాలన్నీ ఖరారైపోయాయి, శాతం తన పని కానిచ్చేసింది. కనక వాక్యం చదవకముందే ఆ గుర్తుల్ని మామూలు అక్షరాల వర్గంలోకి దించి, లైను తర్వాత లైను ఉన్నదున్నట్టు ఫైల్లోకి రాయించాలి.

అలా చేశాక ఇంకో తిరకాసు. పేరులోని శాతం క్షేమంగా గ్నూప్లాట్ దాటి, మూడో చదువులో మళ్ళీ లేటెక్ నోట్లో పడింది! అక్కడ దాని ముందు బ్యాక్‌స్లాష్ కాపలా ఉండాలి. అక్షం మీది అంకెల రూపం చెప్పే శాతానికి మాత్రం ఆ కాపలా ఉండకూడదు. అది గ్నూప్లాట్ సొత్తు.

ఇదంతా వాడికి చెప్పి, "తప్పు నాదేరా" అన్నాను. "ఒరేయ్, ఆ మాట ఎగ్జామినరుగారి ముందు అనాల్సింది" అన్నాడు. మర్నాడు ఇద్దరం వెళ్ళి ఆయనతోనూ అన్నాం.

ఆ ప్రతి ఇంకా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోనే ఉంది. అందులోని పెన్సిలు గీత నాది. "ఎర్రర్ 5" పక్కన బాల్‌పెన్నుతో పెట్టిన శాతం గుర్తు వాడిది.