కిస్తీకి చాలని కిరాయి

వనపర్తి, 16 అక్టోబరు 2024, బుధవారం

దసరా సెలవులు అయిపోయి పిల్లలు బడికొచ్చేసరికి రాష్ట్రంలో చాలాచోట్ల అద్దె భవనాల్లోని గురుకులాలకు యజమానులు తాళాలేశారు. పేపరంతా అదే. నెలల తరబడి కిరాయిలు రాలేదని వాళ్ల మొర, తాళాలు తీయకపోతే కేసులేనని సర్కారు హెచ్చరిక. సంచులు పట్టుకొని గేటు బయట నిలబడ్డ పిల్లల్ని తలచుకుంటే ఎవరికైనా కోపమే వస్తుంది. బ్యాంకులో అప్పుల సీట్లో రిటైరైనవాణ్ని కాబట్టి నా కన్ను మాత్రం యజమానులు చెప్పిన ఇంకో మాట మీద పడింది: బ్యాంకు కిస్తీలు ఆగిపోతున్నాయని. 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ. ఇంట్లో ఉన్నది సర్కారు బడా, కిరాణా కొట్టా అని కంప్యూటర్ అడగదు. సర్కారు కిరాయి గట్టిదే. ఏ నెలది ఏ నెలలో చేతికొస్తుందన్నదే తేలదు.

గద్వాల, 8 ఫిబ్రవరి 2025, రెండో శనివారం

బామ్మర్ది ఇంట్లో ఉన్నాను. నిన్న రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.50 నుంచి 6.25కు దించింది. దాదాపు అయిదేళ్ల తర్వాత ఇదే తొలి తగ్గింపు. వాడి ఉత్సాహం అంతా ఇంతా కాదు. "మెడికల్ కాలేజీ వచ్చింది బావా, కిరాయికి మనుషులు ఎగబడ్తరు. పైన మూడు పోర్షన్లు ఏస్తా."

వాడి దుకాణంలో చీర మడతలో పెట్టే అట్టముక్క మీద లెక్క వేశాను. కట్టడానికి 24 లక్షలు, చేతిలో 4 లక్షలు. 20 లక్షల అప్పు, 9 శాతం, 20 ఏళ్లు: కిస్తీ సుమారు 18,000. పోర్షన్‌కు 4,500 చొప్పున కిరాయి 13,500. "మిగతాది దుకాణంల నుంచి కడ్తా" అన్నాడు. బ్యాంకు చూసేదీ దుకాణాన్నే. ఇంకా కట్టని గదుల కిరాయిని నమ్మి అప్పు ఇవ్వదు.

ఇప్పుడు కింద అద్దెకిచ్చిన గదికి కాయితం ఉందా అంటే బీరువాలోంచి 100 రూపాయల స్టాంపు పేపరు తీశాడు. 11 నెలల అగ్రిమెంటు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు కదా, అందుకని ఊరంతా 11 నెలల కాయితాలే. కిరాయి నగదు. నోటుబుక్కులో తేదీ, పక్కన వంకర సంతకం. పన్ను రిటర్నులో ఆ ఊసే లేదు. దుకాణం ఆదాయం కూడా అందులో చిక్కిపోయే ఉంది. పన్ను కాడికి తక్కువ, లోను కాడికి ఎక్కువ కావాలంటే ఒకటే కాయితం మీద ఎట్లా కుదురుతుంది? నిజానికి కిరాయి చూపిస్తే 30 శాతం మరమ్మతుల కింద మినహాయింపు, పైన వడ్డీ కూడా తీసేసుకోవచ్చు. అంత భయపడాల్సిందేమీ లేదు.

"బ్యాంకు ఇయ్యకుంటే రెండు రూపాయల మిత్తికి తెస్త" అన్నాడు. ఏడాదికి 24 శాతం! అట్టముక్క చింపేసి లేచాను.

నాగర్‌కర్నూల్, 22 మార్చి 2025, శనివారం

పాత మిత్రుడి భవనం చూశాను. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు పుట్టగానే ఈ ఊళ్లో గదులకు గిరాకీ లేచింది. ఒక ఆఫీసు కిరాయికొస్తే అప్పు చేసి మరీ మేడ మీద మేడ వేశాడు. 2023 జూన్‌లో కొత్త కలెక్టరేట్ తెరిచారు, ఆఫీసు అక్కడికి వెళ్లిపోయింది. వెడల్పాటి హాలు, మూలకొక టాయిలెట్, వంటగది లేదు. తలుపు మీద సెక్షన్ పేరు నీలిరంగులో ఇంకా చెరగలేదు. సంసారులు చూసి వెనక్కి తిరుగుతున్నారు. గోడలు పెట్టి పోర్షన్లుగా విడగొట్టాలంటే మళ్లీ డబ్బు.

ప్లాటొకటి అమ్మి అప్పు తీర్చేస్తానంటున్నాడు. దానికి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాలేదు, అది కాకపోతే కొనేవాడికి బ్యాంకు అప్పు కష్టం. నెలాఖరులోగా కడితే 25 శాతం రాయితీ అని పరుగులు పెడుతున్నాడు. ఫ్లోటింగ్ రేటు గృహరుణం కాబట్టి ముందే తీర్చినా జరిమానా లేదని చెప్పాను. తీర్చాక 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 అదే ఇచ్చుకోవాలి. ఈ నియమం 2023 డిసెంబరు నుంచి ఉంది. అదొక్కటి విని కాస్త నవ్వాడు.

వనపర్తి, 7 జూన్ 2025, శనివారం

మధ్యలో ఇంకోసారి తగ్గిన రెపో నిన్న మరో అర శాతం తగ్గి 5.50 అయింది. పొద్దున్నే గద్వాల నుంచి బామ్మర్ది ఫోను. మొత్తం ఒక శాతం తగ్గుదల బ్యాంకు పూర్తిగా ఇస్తే 18,000 కిస్తీ 16,700 అవుతుంది. కిరాయి మాత్రం అదే 13,500. ఏడాదికి రెండు నెలలు గదులు ఖాళీ ఉంటాయనుకుంటే సగటు 11,250. రంగులు, మోటారు రిపేర్లు నేనింకా కలపలేదు.

రెండు పోర్షన్లే వేయమన్నాను. 16 లక్షల పని. చేతిలోవి 4, చిట్టీ పాడితే ఇంకో 3. తొమ్మిది లక్షల అప్పుకు 8 శాతం మీద కిస్తీ 7,530. రెండు గదుల సగటు కిరాయి 7,500. ఇది నడుస్తుంది. రిటర్నులు కూడా ఈసారి కిరాయితో సహా వేయమన్నాను, ఊఁ కొట్టాడు.

"సరే గని పిల్లర్ల మీద రాడ్లు ఇడిసిపెడ్త బావా" అన్నాడు. విడిచిపెట్టుకోనీ, రాడ్లకు కిస్తీ లేదు. సోమవారం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ప్లానుకు తగ్గ కొత్త ఎస్టిమేటు రాయించాలి.