రామనగరంలో పట్టుపురుగులు

మా పెద్దమ్మాయికి పెండ్లి నిశ్చయమైంది. పట్టుచీరలు మూడైనా కావాలని ఇంట్లో లెక్క వేశారు. ఆ పట్టు పుట్టేచోటు ఒకసారి చూచి వద్దామని ఆఫీసుకు సెలవు పెట్టి, అమ్మాయిని వెంటబెట్టుకొని, బెంగుళూరులో మైసూరు రైలెక్కి రామనగరంలో దిగాము. ప్రయాణం యాభై కిలోమీటర్లు మాత్రమే.

అక్కడి మార్కెట్టులో పట్టుగూళ్ళు గుట్టలుగా పోసి రైతులు వేలానికి కాచుకొని వున్నారు. పసుపుపచ్చనివి మైసూరు జాతి సంకరాలు, తెల్లనివి బైవోల్టిన్ రకం. మాకు కన్నడం వచ్చిన పుణ్యాన ఒక వృద్ధ రైతు అంతా విప్పి చెప్పాడు.

గుడ్డు పదిరోజులకు పగులుతుంది. చీమంత పురుగు మల్బరీ ఆకు తప్ప మరొకటి ముట్టదు. నాలుగుసార్లు కుబుసం విడిచి, ఇంచుమించు 25 రోజులకు వేలెడంత అవుతుంది. అప్పుడు మేత మాని, వెదురు చంద్రికెమీద తల ఆడిస్తూ రెండుమూడు రోజులు గూడు కట్టుకుంటుంది. గూడంతా ఒకే పోగు. వెయ్యి మీటర్ల దాకా వస్తుంది. అలాగే వదిలితే పది పన్నెండు రోజులలో లోపలిది రెక్కల పురుగై, గూడు తడిపి తొలుచుకొని వస్తుంది. పోగు తెగిపోతుంది. అందుకే ముందుగానే ఆవిరిలోనో వేడిగాలిలోనో పెట్టి దాని ప్రాణం తీస్తారు.

గుడ్లకోసం మాత్రం కొన్నిటిని బ్రతకనిస్తారు. గుడ్ల కేంద్రంలో వాటిని చూచాము. తెల్లగా, బొద్దుగా వున్నాయి. రెక్కలు కొట్టుకుంటాయేగాని ఎగరలేవు. వేలయేండ్లు మనిషి చేతిలో పెరిగిన జాతి గదా! అవి ఏమీ తినవు. ఆడది నాలుగైదువందల గుడ్లు పెట్టి కొద్దిరోజులకే చనిపోతుంది. ఆ తల్లిని నూరి సూక్ష్మదర్శినిలో చూచి, పెబ్రిన్ రోగం కనబడితే గుడ్లన్నీ నాశనం చేస్తారు. 1860లలో ఫ్రాన్సులో పాశ్చరు పండితుడు చూపిన మార్గమిది.

అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. హైదరాబాదులో కుసుమ రాజయ్యగారు పురుగు వెళ్ళిపోయిన గూళ్ళతోనే "అహింసా పట్టు" నేయించారని మేము చెప్పాము. రైతు విని, "మా పిల్లల చదువులన్నీ ఈ గూళ్ళమీదే స్వామీ" అన్నాడు. ఇద్దరి మాటా కాదనలేకపోయాము.

తిరుగు రైలులో అమ్మాయి అన్నది: "ముహూర్తానికి ఒక్క పట్టుచీర చాలు నాన్నగారూ. తక్కినవి నూలువి తీసుకుందాం."

గుమాస్తా జీతం వాళ్ళము గనుక మాకు బరువు తగ్గిన మాట నిజమే. కాని ఆ సంగతి దానితో అనలేదు.